ఎల్వా నదికి ఫీల్డ్ ట్రిప్: ఎవరైనా వెళ్ళొచ్చారా? ఏం చూడాలి, ఏం అడగాలి?

వరదగేజు (బోతెల్, వాషింగ్టన్)

అందరికీ నమస్తే. నేను ఇక్కడ ఒక కౌంటీలో వాననీటి కాలవల డిజైన్ చూస్తాను. మా వృత్తి సంఘం వాళ్ళు సెప్టెంబరు చివరి శనివారం ఎల్వా నదికి, అంటే రెండు డ్యాములు కూల్చేసిన నదికి, గైడెడ్ ట్రిప్ పెడుతున్నారు. బస్సు, మధ్యాహ్నం భోజనం, ఇద్దరు గైడ్లు, చివర్లో ట్రైనింగ్ గంటల సర్టిఫికెట్. ప్లాను వేసే కమిటీలో నన్నూ వేశారు. ఇప్పటికి రాసుకున్నది ఇది: పొద్దున గ్లైన్స్ కాన్యన్ (పై డ్యాము ఉండిన చోటు) వ్యూపాయింట్, అక్కడి పాత జలాశయం అడుగు, మధ్యాహ్నం నది సముద్రంలో కలిసే చోటు, తిరుగు ప్రయాణం.

వచ్చేవాళ్ళలో సగం మంది డిజైన్ ఇంజనీర్లు, కొందరు నీటి ప్లాంట్లు నడిపేవాళ్ళు, కొందరు పర్మిట్లు చూసేవాళ్ళు. శనివారం మొత్తం పోగొట్టుకుని వస్తారు కాబట్టి సోమవారం ఆఫీసులో పనికొచ్చేది ఏదో ఒకటి దొరకాలి. ఎల్వా చూసినవాళ్ళు, ఇలాంటి ట్రిప్పులు నడిపినవాళ్ళు ఉంటే చెప్పండి. ఏం కలపాలి, ఏం తీసేయాలి?

ఇంకో సంగతి. మా నాన్నగారు ఇరిగేషన్‌లో డీఈగా రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. "కట్టిన డ్యాము చూడ్డానికి బస్సులేసుకుని వెళ్ళడం ఎరుగుదుం గానీ, కూల్చిన డ్యాము చూడ్డానికి వెళ్ళేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా" అని ఒకటే నవ్వు. రమ్మంటే మాత్రం తయారుగా ఉన్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎంత నడవాల్సి వస్తుందో కూడా చెప్పండి.

కంకర (పోర్ట్‌లాండ్)

వెళ్ళండి, ఆలోచించక్కర్లేదు. కానీ ఆ ప్లాను వేసినవాళ్ళు ఈ మధ్య అటువైపు వెళ్ళినట్టు లేదు. గ్లైన్స్ కాన్యన్ దాకా ఇప్పుడు బస్సు పోదు. డ్యాములు తీసేశాక నది పాయ మార్చుకుని ఒలింపిక్ హాట్ స్ప్రింగ్స్ రోడ్డును కోసేసింది. మెడిసన్ ఫాల్స్ దగ్గర బండి ఆపి నడవాలి, లేదా సైకిల్ మీద వెళ్ళాలి. వ్యూపాయింట్ దాకా ఒక్కవైపే మూడు మైళ్ళ పైన. ఫెర్రీ టైము కూడా కలుపుకుంటే మీకు మధ్యాహ్నం అక్కడే అయిపోతుంది, నాన్నగారికి అయితే కుదరదు.

దాని బదులు పాత ఎల్వా డ్యాము చోటుకి వెళ్ళండి. రోడ్డు దిగి చిన్న నడక. దాని పైనున్న ఆల్డ్‌వెల్ జలాశయం అడుగుకి హైవే 101 పక్కనే దిగొచ్చు, పాత పడవల రేవు ఉండేది అక్కడ.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపిక్ కొండల్లో పుట్టి ఉత్తరాన హ్వాన్ డి ఫ్యూకా జలసంధిలో కలిసే 45 మైళ్ళ నది ఎల్వా. దాని మీద రెండు డ్యాములు. కింద 1913లో ఎల్వా డ్యాము, 108 అడుగులు. పైన 1927లో గ్లైన్స్ కాన్యన్, 210 అడుగులు. రెండూ కరెంటు కోసమే, ముఖ్యంగా పోర్ట్ ఏంజెలిస్ కలప, కాగితం మిల్లులకి. చేప ఎక్కే మెట్లు పెట్టాలని రాష్ట్ర చట్టం అప్పటికే ఉన్నా పెట్టలేదు. బదులుగా ఒక హ్యాచరీ (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) పెట్టి, కొన్నేళ్ళకే మూసేశారు. దాంతో సముద్రం నుంచి నదికి ఎక్కి గుడ్లు పెట్టే సాల్మన్ చేపకి నది ముఖద్వారం నుంచి ఐదు మైళ్ళే మిగిలింది, పైన 70 మైళ్ళకు పైగా గుడ్లు పెట్టే చోటు తలుపేసినట్టయింది. నదిని బాగుచేయాలని 1992లో ఫెడరల్ చట్టం వచ్చింది. కూల్చడం మొదలైంది మాత్రం 2011 సెప్టెంబరులో. కింది డ్యాము 2012 మార్చికల్లా పోయింది. పైదాని చివరి ముక్క 2014 ఆగస్టులో పేల్చారు.

పంపుహౌస్ (టకోమా)

కంకర గారు చెప్పింది నది వైపు కథ. నేను ప్లాంటు నడిపేవాణ్ణి కాబట్టి నాకు ఆసక్తి వేరే చోట.

మొత్తం పునరుద్ధరణ ఖర్చు దాదాపు 32.5 కోట్ల డాలర్లు. అందులో డ్యాములు కూల్చే కాంట్రాక్టు సుమారు 2.7 కోట్లే! మిగతాదంతా ఎక్కడికి పోయిందంటే భూములు, డ్యాములు కొనడం, నీటి ప్లాంట్లు, గట్లు, హ్యాచరీ, మొక్కలు. నీటి ప్లాంట్లకే కూల్చివేత కన్నా ఎక్కువైంది. వందేళ్ళ పూడిక ఒక్కసారి కిందకొస్తే పోర్ట్ ఏంజెలిస్ తాగునీరు ఏమవ్వాలి? అందుకని ఊరి తాగునీటికి ఒక ప్లాంటు, మిల్లుకీ హ్యాచరీలకీ వెళ్ళే నీటికి ఇంకో ప్లాంటు ముందే కట్టారు. నది మట్టం పెరిగితే భూగర్భ జలం కూడా పైకొస్తుందని లోయలోని ట్రైబ్ (అక్కడి ఆదివాసీ తెగ) ఇళ్ళకి సెప్టిక్ ట్యాంకులు తీసేసి మురుగు లైను వేశారు. కింది గట్టు ఎత్తు పెంచారు.

ఇంత చేసినా 2012 శరదృతువులో వానలు పడగానే ఆ రెండో ప్లాంటు ఇన్‌టేక్ (నది నీటిని లోపలికి తీసుకునే చోటు) మొరాయించింది. బురద కోసం డిజైన్ చేస్తే వచ్చినవి ఆకులు, పుల్లలు, కొమ్మలు. చేపలు లోపలికి పోకుండా పెట్టిన సన్న జల్లెడలు వాటితో మూసుకుపోయాయి, పంపులు ఆగాయి. దాన్ని సరిచేసేదాకా పైడ్యాము కూల్చివేత దాదాపు ఏడాది, అంటే 2013 అక్టోబరు దాకా, ఆపేశారు. ప్లాంటు నడిపేవాళ్ళు ఎవరైనా ఈ జల్లెడల ముందు అరగంట నిలబడితే చాలు, వ్యూపాయింట్‌లో ఫోటోలు దిగినదానికన్నా లాభం.

కాబట్టి నా మాట: ట్రిప్పులో ఇన్‌టేక్ పెట్టండి. పర్మిషన్ కావాలి, ఇప్పుడే మెయిల్ పెట్టండి. గైడ్‌గా బయాలజిస్టు ఒకరుంటే చాలు, రెండోవాళ్ళు అక్కడ షిఫ్టులో పనిచేసిన ఆపరేటర్ అయితే మంచిది.

గోదారిగట్టు (ధవళేశ్వరం)

బాగుందండీ మీ ట్రిప్పు. నాదొక పక్క ప్రశ్న. మా దగ్గర పులస గురించి తెలుసు కదా, పుస్తెలమ్మైనా తినాలంటారు. వరద నీళ్ళు రాగానే సముద్రం నుంచి గోదారికి ఎదురెక్కుతుంది. మా బ్యారేజీ దగ్గరకి వచ్చేసరికి దాని ప్రయాణం సరి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ అంతే, తర్వాత దాని జాగాలో బ్యారేజీ వచ్చింది. ఆ ఆనకట్ట లేకపోతే మా డెల్టాలో అన్నం లేదు, అదీ నిజమే.

మీరు డ్యాము తీసేసిన చోటికి వెళ్ళి నేర్చుకునేది డ్యాము తీయలేని మాలాంటివాళ్ళకి దేనికి పనికొస్తుంది? ఎగతాళి కాదు, నిజంగా అడుగుతున్నా. నేను ఫీల్డులో ఉండే ఏఈని. మాకు స్టడీ టూర్ అంటే ఎప్పుడూ కట్టిన డ్యాములే.

కంకర (పోర్ట్‌లాండ్)

ఏఈ గారూ, మంచి ప్రశ్న. ఎల్వాను చూసి ధవళేశ్వరం తీసేయమని ఎవరూ అనరు. అక్కడ రెండు డ్యాములూ పాతబడ్డాయి, వాటి కరెంటు మిల్లుకి తప్ప పెద్దగా ఎవరికీ అక్కర్లేదు, ఆయకట్టు అన్నమాటే లేదు. పైగా నది పైభాగమంతా నేషనల్ పార్కు. అంటే పైన మంచి అడవి, మంచి నీళ్ళు అలాగే ఉన్నాయి, అడ్డం తీస్తే చాలు. ఇలాంటి నదులు ప్రపంచంలో తక్కువ. ఈ ట్రిప్పుకి వెళ్ళినవాళ్ళు మొదట గుర్తుంచుకోవాల్సింది ఇదే, లేకపోతే తిరిగొచ్చి ప్రతి వాగుకీ ఇదే మందు రాస్తారు.

మీకు పనికొచ్చేది రెండు విషయాల్లో ఉందనుకుంటా. ఒకటి, పూడిక కిందకి వదిలితే ఎలా నడుస్తుంది అన్నది ఇంత దగ్గరగా కొలిచిన నది ఇంకోటి దొరకడం కష్టం. రెండు, చేప ఎప్పుడు ఎక్కుతుంది, ఏ ప్రవాహంలో ఆగుతుంది అన్నది రేడియో ట్యాగులు కట్టి చూశారు. చేప మెట్లు డిజైన్ చేసేవాళ్ళకి ఆ రెండోది కావాలి. పోలవరం స్పిల్‌వేలో పులస కోసం మెట్లు పెట్టారు కదా. దాని ముందు చేప నిజంగా ఏం చేస్తుందో ఎవరు, ఎన్నేళ్ళు చూస్తారు? ఆ చూసే పని ఎలా ఉంటుందో ఎల్వాలో కనిపిస్తుంది.

మోడరేటర్

పోలవరం మీద చర్చకి వేరే దారం (థ్రెడ్) ఉంది. ఇక్కడ చేప మెట్ల వరకే మాట్లాడుకుందాం. ఎత్తు, నిర్వాసితులు, కేంద్రం నిధులు అన్నీ అక్కడ.

వరదగేజు (బోతెల్)

కంకర గారూ, పంపుహౌస్ గారూ, చాలా థ్యాంక్స్. రోడ్డు విషయం కమిటీకి చెప్పాను, గ్లైన్స్ తీసేశాం. ఇన్‌టేక్ కోసం మెయిల్ వెళ్ళింది.

ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడుగుతున్నారు: "పూడిక సంగతి తేల్చమను. శ్రీశైలం 308 టీఎంసీలతో మొదలై ఇప్పుడు 215 చిల్లరకి వచ్చింది. ఆ మట్టి మేం ఎక్కడికీ తీయలేకపోయాం. వీళ్ళు అంత మట్టిని లారీల్లో తోలారా?"

కంకర (పోర్ట్‌లాండ్)

ఒక్క లారీ కూడా తోలలేదు, నదే మోసింది. ఇది నాకు ఇష్టమైన సంగతి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రెండు జలాశయాల్లో కలిపి దాదాపు 2 కోట్ల ఘనపు మీటర్ల పూడిక ఉండేది. ఎక్కువ భాగం పైన, గ్లైన్స్ వెనకున్న మిల్స్ జలాశయంలో. జలాశయంలోకి నది వచ్చే మొదట్లో గులకరాయి, ఇసుక డెల్టాలాగా ఆగింది. మెత్తటి బురద డ్యాము దాకా వచ్చి అడుగున పరుచుకుంది. డ్యాము ఒక్కసారి తీస్తే అంతా ఒకే వరదలో పోయి కింద ఊరు మునుగుతుంది. అందుకని పైనుంచి కొంచెం కొంచెంగా గాడి కోస్తూ దిగారు. నీటి మట్టం కాస్త దించడం, కొన్నాళ్ళు ఆగడం. ఆ ఆగిన రోజుల్లో నది పాత డెల్టా మీద అటూ ఇటూ తిరుగుతూ పై మట్టిని కోసి కిందకి జరుపుతుంది. మళ్ళీ కాస్త దించడం. నది ఒకే గీతలో లోతుగా కోసుకుపోకుండా వెడల్పుగా తిరగాలనే ఇదంతా. చేపలు ఎక్కే కొన్ని వారాలు కూల్చివేత పూర్తిగా ఆపేవాళ్ళు.

మొదటి ఐదేళ్ళలో సుమారు మూడింట రెండొంతుల పూడిక కొట్టుకుపోయింది. అందులో పెద్ద భాగం సముద్రం చేరింది. ముఖద్వారం దగ్గర వందేళ్ళుగా ఇసుక రాక గులకరాళ్ళు తేలి కోసుకుపోతున్న తీరం మళ్ళీ ముందుకు పెరిగింది, పదుల ఎకరాల కొత్త మేటలు వేసింది. నాన్నగారిని మధ్యాహ్నం అక్కడ నిలబెట్టండి. డ్యాముల కాలంలో ఆ ఒడ్డున ఉన్నవి గుండ్రాళ్ళే. ఇప్పుడు కాలు పెడితే దిగే ఇసుక, దాని మధ్య చిన్న చిన్న ఉప్పునీటి మడుగులు.

కానీ శ్రీశైలానికి ఇది నేరుగా కుదరదు, ఆయనకే తెలుసు. కృష్ణలో కింద సాగర్ ఉంది, పులిచింతల ఉంది, ప్రకాశం బ్యారేజీ ఉంది. పైనుంచి వదిలితే కిందది పూడుతుంది. ఎల్వాలో ఆ మట్టికి సముద్రం దాకా దారి ఉంది, అది కూడా తక్కువ దూరం. గ్లైన్స్ నుంచి ముఖద్వారానికి 13 మైళ్ళే.

నారుమడి (ఒలింపియా)

ఆలస్యంగా చూశాను ఈ దారం. మొక్కల వైపు ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. నా పని అదే, నదుల ఒడ్డున స్థానిక మొక్కలు నిలబెట్టడం.

ఆల్డ్‌వెల్ అడుగుకి దిగితే అడవిలోకి వెళ్ళినట్టే ఉంటుంది. విల్లో, ఆల్డర్, కాటన్‌వుడ్ చెట్లు మనిషి కన్నా ఎత్తు పెరిగి దారి కనపడనీయవు. కింద మెత్తటి ఒండ్రు కాబట్టి తడి నిలుస్తుంది, విత్తనం పడితే చాలు. అందుకని అక్కడ నిలబడి "ప్రకృతే చూసుకుంది, మీరేం చేశారు" అంటారు ప్రతివాళ్ళూ. అసలు కష్టం పైన మిల్స్‌లో. అక్కడ నది కోసి వదిలిన మెట్లలాంటి నేల మీద మిగిలింది ఎత్తైన గులకరాయి మేటలు, వేసవిలో పొయ్యిమీద పెనంలాగా కాలతాయి, గాలికి అడ్డు ఉండదు. నాటిన మొక్క చాలావరకు ఎండింది.

అక్కడ పనిచేసినవి రెండు. ఒకటి లూపిన్, ఏటిగట్టు రకం. బఠాణీ కుటుంబపు మొక్క, వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టుకుంటుంది. ఉత్త రాళ్ళ మీద కూడా గుబురుగా లేచి ఊదారంగు పూలతో నిండిపోతుంది, మరుసటి ఏడు దాని కింద కాస్త మట్టి, కాస్త నీడ. రెండోది దుంగలు. పెద్ద చెట్ల దుంగల్ని వేర్లతో సహా తెచ్చి ఆ ఎండు మేటల మీద పడేశారు, నీళ్ళలో కాదు, పొడి నేల మీద! దుంగకి గాలి తగలని వైపు వంగి చెయ్యి పెట్టి చూడండి, ఇసుక చల్లగా ఉంటుంది. మొలకలన్నీ ఆ వైపే వరస కట్టి ఉంటాయి. దుంగమీద పక్షి వాలుతుంది, రెట్టతో పాటు బెర్రీ విత్తనాలు పడతాయి. గైడ్ చూపించకపోతే ఎవరో వదిలేసిన కట్టెలనుకుని దాటేస్తారు.

మీ ప్లానులో మిల్స్ ఎలాగూ లేదు. ఆల్డ్‌వెల్‌లో కూడా గైడ్‌ని నాటిన చోటు, నాటకుండా వదిలేసిన చోటు రెండూ చూపించమనండి. ఈ తేడా చూడకుండా మొక్కల బడ్జెట్ గురించి ఏమీ తెలియదు.

బిల్లుపాస్ (శాన్ హోజే)

నేను ఒప్పుకోను. ఇలాంటి ట్రిప్పులు నేను చాలా చూశాను. బస్సులో శాండ్‌విచ్, వ్యూపాయింట్‌లో గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్, లింక్డ్‌ఇన్ పోస్టు. మా ఆఫీసులో వెళ్ళొచ్చినవాళ్ళని నెల తర్వాత అడిగితే "చాలా బాగుంది, చేప ఎగిరింది" అంటారు. ఇంతోటి దానికి ఎనిమిది గంటల ట్రైనింగ్ లెక్క.

ఎల్వా అయితే మరీను. అది అందరికీ నచ్చే గెలుపు కథ. స్టార్మ్‌వాటర్ ఇంజనీరు రోజూ చూసేది ఊరి మధ్య మురికి కాలవ. సియాటిల్‌లోనే థార్న్‌టన్ క్రీక్ ఉంది. బోతెల్ నుంచి అరగంట. అక్కడికి వెళ్ళొచ్చుగా?

వరదగేజు (బోతెల్)

బిల్లుపాస్ అన్నా, ఘాటుగా అన్నా విషయం ఉంది. థార్న్‌టన్ మాకు దగ్గరే, నేను పని మీద చూశాను. తెలియనివాళ్ళకి: ఊరి ఉత్తరాన ఇళ్ళ మధ్య నుంచి పారే వాగు. 2014లో ఒక చోట రెండు పాయలు కలిసే దగ్గర వరదల్లో మునిగే ఇళ్ళు కొని తీసేసి, వాగుకి వెడల్పు ఇచ్చారు. అందరూ చేసేది అంతవరకే. వీళ్ళు అడుగు మట్టిని కూడా లోతుగా తవ్వేసి ఇసుక, గులకరాయి నింపారు, నీరు వాగు అడుగు కిందగా కూడా పారి మళ్ళీ పైకి రావాలని. ఆ కిందగా పారే దారిలో నీరు చల్లబడుతుంది, రోడ్ల మీద నుంచి వచ్చే రసాయనాలు కొంత తగ్గుతాయి. కట్టాక మనుషులు కొలిచి చూశారు కూడా. 2018 శరదృతువులో చినూక్ సాల్మన్ వచ్చి సరిగ్గా అక్కడే గూళ్ళు తవ్వి గుడ్లు పెట్టింది.

శనివారం ఎల్వా పెట్టి, దాని ముందు వారం ఒక సాయంత్రం థార్న్‌టన్ పెడితే ఎలా ఉంటుంది? ఆఫీసు అయ్యాక రెండు గంటలు చాలు.

నారుమడి (ఒలింపియా)

పెట్టండి. థార్న్‌టన్ చూపించేటప్పుడు టైరు సంగతి వదలొద్దు. ఇక్కడ ఊళ్ళలో వాగులు బాగుచేసిన చోట్ల కూడా తొలి వానలకి కోహో సాల్మన్ గుడ్లు పెట్టకముందే గిలగిల కొట్టుకుని చచ్చిపోయేవి. నీరు చల్లగానే ఉంది, దుంగలున్నాయి, గులకరాయి ఉంది, అయినా చచ్చేవి. ఎందుకో చాలా ఏళ్ళు తేలలేదు. టైర్లు త్వరగా పగలకుండా రబ్బరులో కలిపే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి మారే పదార్థమే కారణమని 2020 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చింది. పేరు 6పీపీడీ-క్వినోన్. అదే రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు పొరల గుండా వడగడితే చేప బతుకుతుంది. కాలవ డిజైన్ చేసేవాళ్ళకి ఇంతకన్నా నేరుగా తగిలేది ఏముంటుంది?

బిల్లుపాస్ గారికి ఒక మాట. ఫోటో ట్రిప్పు అవుతుందా లేదా అన్నది చోటుని బట్టి కాదు, బస్సు ఎక్కే ముందు ఏం పంపారన్నదాన్ని బట్టి. మేం నడిపేటప్పుడు రెండు పేజీలు ముందే పంపుతాం: పని మొదలుపెట్టక ముందు ఎలా ఉండేది, ఏం అనుకున్నారు, ఎంతైంది. చోట్లో గైడ్ వాటి గురించి మళ్ళీ చెప్పకూడదని షరతు. అక్కడ ప్రశ్నలకే టైము.

బిల్లుపాస్ (శాన్ హోజే)

షరతు బాగుంది. అలా నడిపితే నేనే వచ్చేవాణ్ణి. ఒకటి మాత్రం అడగండి అక్కడ: కట్టాక చూసుకునే డబ్బు ఎన్నాళ్ళకి ఉంది, ఎవరిది? మా వైపు ఏ ప్రాజెక్టులోనైనా ముందు కోతపడేది అదే.

పంపుహౌస్ (టకోమా)

ఎల్వాలో దానికి జవాబు కూడా నీటి ప్లాంటు దగ్గరే దొరుకుతుంది. కట్టింది నేషనల్ పార్క్ సర్వీసు. తర్వాత ఎవరు నడపాలి, ఆ ఖర్చు ఎవరిది అని ఊరికీ వాళ్ళకీ చాలాకాలం వాదన నడిచింది. పర్మిట్లు చూసేవాళ్ళని ఆ చోట ముందు వరసలో నిలబెట్టండి.

ఇంకా ముఖ్యమైనది ఎవరూ అనలేదు. నది దిగువన ఉండేది లోయర్ ఎల్వా క్లాలమ్ ట్రైబ్ వాళ్ళు. డ్యాములు తీయించడానికి దశాబ్దాలు పోరాడింది వాళ్ళు. నది మీద చేపల లెక్క, గట్ల దగ్గర దుంగల కట్టలు, హ్యాచరీ అన్నిట్లో వాళ్ళ సొంత సిబ్బంది ఉన్నారు. గైడ్లలో ఒకరు వాళ్ళ దగ్గర నుంచి రావాలి, వస్తే వాళ్ళ రోజుకి డబ్బు ఇవ్వాలి. 'వాళ్ళ కథ పంచుకుంటారు' అని ఉచితంగా పిలవడం మాత్రం చేయొద్దు. ఆల్డ్‌వెల్ ఖాళీ అయినప్పుడు వాళ్ళ సృష్టి స్థలం, అంటే తమ జాతి పుట్టిందని వాళ్ళు నమ్మే చోటు, నీళ్ళలోంచి బయటపడింది. అది ఎక్కడ అని అడగొద్దు, చూపించమనొద్దు. బస్సులో ముందే చెప్పండి.

2011 నుంచి నదిలో చేపల వేట ఆపేశారు, వాళ్ళు కూడా. 2023లో మొదటిసారి వాళ్ళ ఆచారాలకీ ఇంటి తిండికీ కొద్దిగా కోహో పట్టుకున్నారు. పట్టుకునే హక్కు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో రాసి ఉన్నా పన్నెండేళ్ళు ఆగారు. మన డిజైన్ రిపోర్టుల్లో ఇది ఏ గడిలో పడుతుందో నాకు తెలియదు.

గోదారిగట్టు (ధవళేశ్వరం)

చదువుతుంటే ఆశ పుడుతోంది. మా దగ్గర కూడా చూపించదగ్గవి ఉన్నాయండీ, ఎవరూ ట్రిప్పు పెట్టరు గానీ.

కోరింగ తీసుకోండి. అందరూ పడవెక్కి చెక్కదారి మీద నడిచి వచ్చేస్తారు. ఎండిపోయి ఉప్పు తేలిన మడ నేలల్ని అటవీ శాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు ఊరివాళ్ళతో కలిసి ఎలా లేపారో ఎంతమందికి తెలుసు? పెద్ద ఏటి నుంచి ఒక నడుం కాలవ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తీశారు. పైనుంచి చూస్తే చేప ముల్లే. పోటుకి నీళ్ళు లోపలిదాకా ఎక్కుతాయి, పాటుకి ఉప్పుని కడుక్కుంటూ దిగిపోతాయి. మొక్క నాటేది కాలవ గట్టు మీద కాదు, వాలులో, పోటు నీళ్ళు రోజూ తాకి వదిలే ఎత్తులో. అది రెండు జానలు అటూ ఇటూ అయితే మొక్క చస్తుంది. అది చూపిస్తే ఏ ఇంజనీరుకైనా లెవెలింగ్ విలువ తెలుస్తుంది.

ఇంకోటి కొల్లేరు. 1999లో ప్లస్ ఐదు కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలోకి, అంటే ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల మళ్ళీ చెరువులు లేచాయి. ఎల్వా గెలిచిన చోటు అంటున్నారు కదా, కొల్లేరు కొట్టాక ఏమైందో చూసే చోటు. గట్టు కొట్టడం ఒక్క సీజన్ పని. ఆ గట్టు మీద బతికినవాళ్ళకి తర్వాత దారేమిటన్నది తేల్చకపోతే పొక్లెయిన్ మళ్ళీ వస్తుంది. ఆటపాకలో పెలికాన్ల దగ్గర ఆగకుండా ఉప్పుటేరు దాకా వెళ్ళి నీరు బయటికి ఎలా పోవాలో, ఎక్కడ ఆగుతోందో చూపించే ట్రిప్పు ఒక్కటి ఉంటే బాగుండు.

కంకర (పోర్ట్‌లాండ్)

ఏఈ గారూ, మీరే పెట్టండి ఆ ట్రిప్పు. నేను డిసెంబరులో వస్తున్నా, మొదటి పేరు నాది. బస్సు అక్కర్లేదు, రెండు కార్లు చాలు. కొల్లేరులో ఒక చేపల చెరువు రైతుని కూడా మాట్లాడించండి, అధికారులు ఒక్కరే అయితే సగమే తెలుస్తుంది.

గోదారిగట్టు (ధవళేశ్వరం)

డిసెంబరైతే పక్షులూ ఉంటాయి, నీళ్ళూ తగ్గుతాయి. ప్రైవేటు మెసేజ్ పెడతాను. భోజనం మా ఇంట్లో, కానీ పులస సీజన్ అయిపోతుంది, ముందే చెప్తున్నా.

వరదగేజు (బోతెల్)

ప్లాను కొత్తగా రాశాం. గురువారం సాయంత్రం థార్న్‌టన్ క్రీక్. మరుసటి వారం శనివారం ఎల్వా: మొదట హైవే 101 వంతెన, తర్వాత ఇన్‌టేక్ (పర్మిషన్ వస్తే), ఆల్డ్‌వెల్ అడుగు, పాత డ్యాము చోటు, ముఖద్వారం. వంతెన నాన్నగారి కోరిక. 1926 నాటి పాత వంతెన పునాదులు రాతి మీద కాకుండా గులకరాయి మీద ఉన్నాయని నది కోత పెట్టాక గానీ తేలలేదని, 2024లో కొత్తది తెరిచారని చదివి వినిపిస్తే నవ్వడం ఆపేసి డ్రాయింగులు దొరుకుతాయా అని అడుగుతున్నారు.

ట్రైబ్ ఆఫీసుకి గైడ్ కోసం రాశాం, వాళ్ళ ఫీజు టికెట్‌లో కలిపాం. నారుమడి గారూ, మీ రెండు పేజీల నమూనా పంపగలరా?

నారుమడి (ఒలింపియా)

పంపాను, మెయిల్ చూడండి. సెప్టెంబరు చివర అంటే చినూక్ గూళ్ళు తవ్వుతూ ఉంటుంది. నీళ్ళలో దిగొద్దని, గులకరాళ్ళలో రంగు తేలిగ్గా, శుభ్రంగా కనిపించే గుంట మీద కాలు పెట్టొద్దని అందరికీ చెప్పండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు తెచ్చుకోమనండి, అవి లేకపోతే నీటి మీద మెరుపు తప్ప చేప కనపడదు.

పంపుహౌస్ (టకోమా)

ఎడ్మండ్స్ నుంచి మొదటి ఫెర్రీ పట్టుకోండి. హుడ్ కెనాల్ వంతెన నేవీ ఓడల కోసం తెరిస్తే అరగంట పైనే ఆగాలి, ఆ అరగంట ప్లానులో వేసుకోండి. ఎల్వా వంతెన దగ్గర బస్సు హైవే పక్కన ఆపనివ్వరు, ఎక్కడ ఆపాలో ముందే కనుక్కోండి. నాన్నగారికి ఆల్డ్‌వెల్ దిగేటప్పుడు ఒక చేతికర్ర ఇవ్వండి, వాన పడితే ఆ ఒండ్రు జారుతుంది. ఇన్‌టేక్ పర్మిషన్ రెండు వారాల్లో రాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, అక్కడ పనిచేసి రిటైరైన ఒకాయన తెలుసు, గేటు బయట నిలబడి అయినా చెప్తాడు.